పెద్ద పనే పంపు

తర్లుపాడు
12-2-2024

మణీ,

నీ పెదనాయన నిత్యానందం రాసేది. నాకు చెవులు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. ముప్పై ఏండ్లు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో మిషన్ల పక్కన నిలబడినోడికి ఫోన్లో మాట ఈగ చప్పుడు మాదిరే ఉంటది. అందుకే కాగితం పట్టుకున్నా. మీ అమ్మ మగ్దలీనమ్మ "నేను ఫోన్లో చెప్తాలే బావా" అనింది. నా మాట ఇంకొకరి నోటితో పోయేది నాకు పడదు. ఆదివారం బడిలో నేర్చిన అక్షరాలు నాకు చాలు. తప్పులుంటే నువ్వే దిద్దుకో, పెద్ద చదువు చదివినావు కదా.

సంగతి ఏందంటే, క్రిస్మస్‌కు వచ్చినప్పుడు నువ్వు చర్చి గదిలో కంప్యూటర్ విప్పి దాంట్లో ఒక కార్డు బిగించినావు. పిల్లోళ్ళు నేర్చుకోని టయంలో అది ఊరికే ఉండకుండా మీ యూనివర్సిటీ పని చేస్తదని చెప్పినావు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే దాన్ని ఏ మందు ఆపుతదో ఆ లెక్కలు వేస్తదన్నావు. గది తాళం నా దగ్గరే కదా. పొద్దున్నే గంట కొట్టి, గది ఊడ్చి, కంప్యూటర్ ఆన్ చేసి ఎదురుగా కూర్చుంటా. పని ఎంత అయిందో చూపించే గీత మెల్లగా నిండతా ఉంటది. నూటికి నూరు పడినాక లేచి పోయి టీ తాగి వస్తా.

మొన్న మార్కాపురం బస్టాండు కాడ స్టూడియో రమేష్ కనపడినాడు, నీతో చదివినోడే. పెళ్ళి వీడియోలు తయారు చేసే వాడి కంప్యూటర్‌కు కూడా నువ్వు ఈ పని ఇచ్చినావంట. "మేస్త్రీ మామా, మా దానికి కాలేజీ లెక్కలు పంపిస్తది మణి. మీ దానికి ఒకటో తరగతి లెక్కలు" అని పదిమందిలో నవ్వినాడు. "నీ మిషన్ పెండ్లికూతుర్ల మొహాలు తెల్లగా చేసేదానికే పనికొస్తది, పోరా" అన్నా. అందరూ నవ్వినారు గానీ నాకు నవ్వు రాలా.

ఇంటికొచ్చి గదిలో చూసినా. వాడు చెప్పింది నిజమే. మనకు వచ్చేవన్నీ చిన్నవి. సొంత పెదనాయన కాపలా ఉండే దానికి చిన్న పని, పెళ్ళి వీడియోలోడికి పెద్ద పనా? ఇదేం మర్యాద? పెద్ద పనే పంపు.

మీ నాయన విక్టర్ బాగానే ఉన్నాడు. దగ్గు ఎప్పుడూ ఉండేదే.

నీ పెదనాయన
నిత్యానందం మేస్త్రీ


హైదరాబాదు
21-2-2024

పెదనాయనకు మణి వందనాలు.

నీ ఉత్తరం చూసి మా మేడం ఎంత సంబరపడిందో. "నాలుగు వేల కంప్యూటర్లు మనకు ఖాళీ టయం ఇస్తున్నాయి, ఉత్తరం రాసి దెబ్బలాడింది మాత్రం మీ తర్లుపాడు కంప్యూటర్ ఒక్కటే" అని నవ్వింది.

రమేష్ మాట పట్టించుకోవద్దు. వాడి గ్రాఫిక్స్ కార్డు కొత్తది, పెద్ద లెక్కను ఆరు గంటల్లో తేలుస్తది. చర్చి గదిలో నేను బిగించింది పదేండ్ల నాటి కార్డు, మా ల్యాబులో పక్కన పడేసింది. అదే లెక్క దానికి పన్నెండు రోజులు పడతది. మేం పెట్టే గడువు అయిదు రోజులు. గడువులోపల జవాబు రాకపోతే ఆ పని ఇంకొకరికి మొదటి నుంచి ఇవ్వాల. పైగా ఒకే లెక్కను రెండు ఇండ్లకు పంపిస్తాం. రెండు జవాబులు కలిస్తేనే నమ్ముతాం. ఒకరు ఆలస్యం చేస్తే, తొందరగా చేసిన రెండోవాళ్ళ జవాబు కూడా అట్లే కాచుకోని ఉండాల. ఏ కార్డు ఎంత వేగమో చూసి, దానికి తగిన పని పంచేదే నా ఉద్యోగం. చిన్న పని అంటే తక్కువ పని కాదు పెదనాయనా. అదీ కావాల్సిందే.

ఇది నాకు ఎవరు నేర్పినారో తెలుసా? నువ్వే. చిన్నప్పుడు నాయనకు సద్ది తెచ్చి ఫ్యాక్టరీ గేటు కాడ నిలబడి చూసేదాన్ని. లారీ రాగానే నువ్వు ఒక్కొక్కరి చెయ్యి చూసి రాయి పంచేవాడివి. చురుకైనోళ్ళకు పెద్ద దిమ్మె, నిదానమైనోళ్ళకు చిన్న ముక్క. నాయన చేతులు నిదానమని ఆయన్ని కోత మిషను కాడ పెట్టినావంట కదా, అమ్మ చెప్పింది. ఎవరికి ఏ పని తగునో మా అన్నకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదని నాయన ఇప్పటికీ అంటాడు. ఈ ఉద్యోగం ఇంటర్వ్యూలో నేను చెప్పింది నీ సంగతే.

జూన్‌లో నా ఉద్యోగం పర్మినెంటు చేసేదీ లేనిదీ తేలుస్తారు. ప్రార్థనలో నా పేరు తలుచుకో.

నీ బిడ్డ
మణి


తర్లుపాడు
1-3-2024

మణీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివినా. ఇంటర్వ్యూలో నా సంగతి ఎవరు చెప్పమన్నారు నీకు? ఇంకెప్పుడూ ఎత్తొద్దు. నేను పని పంచింది నువ్వు ఏం చూసినావు? సద్ది తెచ్చిన పిల్లవు. గేటు బయట నుంచి చూసినావు, అంతే.

చిన్న పని తక్కువ పని కాదని రాసినావు. అది ఇచ్చేవాళ్ళు చెప్పే మాట. తీసుకున్నోళ్ళను అడుగు. ఫ్యాక్టరీలో ఏ పనీ చేతకానోళ్ళను పలకలు కడిగే తొట్టి కాడ కూర్చోబెట్టేది. అందరూ ఆడోళ్ళే. ఒక మగోడు పోయి అక్కడ కూర్చుంటే సాయంత్రానికి వాడికి ఇంకో పేరు పెట్టేవాళ్ళు. ఆ పేరు వాడు చచ్చేదాకా పోదు. చిన్న పని అంటే అది.

కార్డు ముసలిదంటావా, నేనూ ముసలోడినే. పన్నెండు రోజులు దాని పక్కన కూర్చోమంటే కూర్చుంటా, చాప కూడా అక్కడే వేసుకుంటా. నువ్వు పంపియ్యి, గడువు సంగతి నేను చూసుకుంటా. మందు తొందరగా రావాల.

ఊళ్ళో బోర్లు ఎండినాయి. నాలుగు రోజులకొకసారి ట్యాంకరు వస్తా ఉంది. వెంకటరత్నమ్మ బిందె పోయిందని పొద్దున్నుంచీ వీధంతా తిట్టింది, చివరికి వాళ్ళ మేక కొట్టంలోనే దొరికింది. మీ నాయన మంచం బయట వేపచెట్టు కింద వేసినాం, గాలి బాగా ఆడతదని. బాగానే ఉన్నాడు.

నిత్యానందం మేస్త్రీ


హైదరాబాదు
12-3-2024

పెదనాయనకు వందనాలు.

నేను నిన్ను పొగిడితే నువ్వు తిట్టినావు. ఎందుకో నాకు అర్థం కాలా. సరేలే, నీ తిట్లు నాకు కొత్త కాదు.

నువ్వు పక్కన కూర్చున్నంత మాత్రాన కార్డు వేగం పెరగదు. మా పెదనాయన అని పెద్ద పని ఇస్తే రేపు ఇంకొకరు వాళ్ళ మామ అంటారు. ఇంకోమాట కూడా చెప్పాల. మందు తొందరగా రావాలంటున్నావు. ఇప్పుడు మేం లెక్క వేసేది ఏ మందుకు ఆశ ఉందో తేల్చేదానికి మాత్రమే. అది మనుషుల దాకా వచ్చేసరికి పదేండ్లు పట్టొచ్చు. నాయన మాదిరి ఇప్పటికే దుమ్ము పీల్చినోళ్ళకు అందుతదో లేదో నేను చెప్పలేను.

నిన్ను ఒకటి అడగాల. నాయనకు నా మీద కోపమా? ఫోన్ చేస్తే "ఆ, బాగున్నా, పెట్టు" అని పెట్టేస్తాడు. ముందు అరగంట మాట్లాడేవాడు, రమేష్ వాళ్ళ ఇంటి గొడవలతో సహా చెప్పేవాడు. రెండు నెలల నుంచీ రెండు మాటలే. గిద్దలూరు సంబంధం వద్దన్నాననా? అమ్మను అడిగితే కూర పొంగుతా ఉందంటది. ఈస్టర్‌కు రావాలని సెలవు రాసి పెట్టుకున్నా. ఆయనకు నా మొహం చూడాలని లేకపోతే వచ్చి ఏం చెయ్యాల? నువ్వు ఎవరికీ భయపడి మాట మార్చేవాడివి కాదు. నిజం చెప్పు.

మణి


తర్లుపాడు
2-4-2024

మణీ,

నిజం చెప్పమన్నావు. మీ నాయనకు కోపమే. ఆ సంబంధం గురించే. కొన్నాళ్ళు పోతే తగ్గుతది. ఈస్టర్‌కు నువ్వు రాకపోవడం మంచిదే అయింది. జూన్ దాకా అక్కడే ఉండి ఉద్యోగం గట్టి చేసుకో.

ఇంక నా సంగతి. నువ్వు ఇయ్యకపోతే నేనే తెచ్చుకున్నా. రమేష్ ఈస్టర్ ఆరాధన వీడియో తీసేదానికి వచ్చినాడు. వాడిని గదిలోకి పిలిచి, పెద్ద పని రావాలంటే ఏం నొక్కాల అని అడిగినా. "మామా, మీ దానికి అరగదు" అన్నాడు. "నొక్కకపోతే కెమెరా బయటికి పోదు" అన్నా. మీ పేజీలో పెద్ద పనులు కావాలా అని ఒక గడి ఉందంట, నొక్కినాడు. ఎనిమిది వచ్చినాయి. ఎనిమిదీ పెద్దవే! చూడు, అడిగితే ఇచ్చేవాళ్ళు ఉన్నారు, సొంత బిడ్డ ఇయ్యకపోయినా.

పదేండ్లని రాసినావు. అది చిన్న చిన్న ముక్కలు పంచితే పట్టే పదేండ్లు. అందరూ పెద్ద పని ఎత్తుకుంటే ఎందుకు తగ్గదు? మా ఫ్యాక్టరీలో వారం పట్టే లోడును మూడు రోజుల్లో దించినా నేను.

రెండు రోజుల్లో మొదటిదాని గీత పదిహేను దాకా వచ్చింది. పెట్టె మీద చెయ్యి పెట్టలేం, పెనం మాదిరి కాలతా ఉంది. దానికీ ఉపాయం చేసినా. గని నుంచి వచ్చిన రాయి ఎండితే సరిగ్గా చీలదు, అందుకని తడిపిన గోనెపట్టాలు కప్పి ఉంచేవాళ్ళం. తడి ఉన్న రాయి చెప్పినట్టు వింటది. అట్లనే గోనెపట్టా తడిపి కంప్యూటర్ మీద కప్పినా. చల్లబడింది. గంటకొకసారి తడుపుతున్నా. ట్యాంకరు నీళ్ళలో నా వంతు దీనికే పోతా ఉంది. పోనీ.

నిత్యానందం మేస్త్రీ


హైదరాబాదు
13-4-2024

పెదనాయనా,

నీ ఉత్తరం నాకు చేరేసరికే అంతా అయిపోయింది. గోనెపట్టా సంగతి చదివి తల పట్టుకున్నా. నాలుగో తారీఖు నుంచీ చర్చి కంప్యూటర్ పలకడంలా. కాలిపోయి ఉంటది. కాలకపోయినా ఆ ఎనిమిదీ అయ్యేవి కావు. ఎనిమిదీ గడువు దాటినాయి. వాటికి జోడీగా చేసిన ఎనిమిది ఇండ్ల జవాబులు పక్కన పడి ఉన్నాయి. ఒకరు కేరళలో బడి పంతులు, ఒకరు రిటైర్ అయిన డాక్టరు. వాళ్ళంతా రోజుల తరబడి కాచుకున్నారు. ఆ విడత లెక్క మొత్తం ఆగింది. మళ్ళీ పంచి, మళ్ళీ చేయించి, కలిపేసరికి మూడు వారాలు పోయినట్టే.

ఆ గడికి అడ్డు పెట్టకుండా వదిలింది నేనే. మనుషులు తమ కార్డు సంగతి తామే తెలుసుకొని నొక్కుతారనుకున్నా. మీటింగులో మేడం అందరి ముందర అడిగింది, ఈ కంప్యూటర్ ఎవరిదని. మా ఊరిదే అని చెప్పినా. జూన్‌లో వాళ్ళకు ఇది గుర్తుండదా?

నీకు పేరు కావాల్సి వచ్చింది, పని కాదు. ఇంతమందికి పని పంచినోడివి, మోయలేనోడికి బరువు పెడితే ఏమైతదో నీకు తెలియదా? ఒక్కసారైనా చూడలేదా నువ్వు?

నాయన కోపం తగ్గినాక చెప్పు, వస్తా. అప్పటిదాకా రాను.

మణి


తర్లుపాడు
20-4-2024

తల్లీ,

చూసినా.

ఈ ఉత్తరం నీకు అందేలోపలే నువ్వు ఇక్కడ ఉండాల. నా మాట ఇంకొకరి నోటితో పోయేది పడదని రాసినా గదా, ఈ పొద్దు మీ అమ్మ చేత ఫోన్ చేయిస్తున్నా. రమ్మని ఒక్క మాటే చెప్తది. మిగిలింది నేను చేత్తో రాయాల్సిందే, నోటితో నీ ముందర చెప్పలేను. నువ్వు ఇక్కడికి వచ్చేస్తే ఇది మీ రూములో తలుపు కింద పడి ఉంటది. తిరిగి పోయినాక చదువుకో.

మీ నాయనకు కోపం లేదు. ఊపిరి లేదు. రెండు మాటలు దాటితే దగ్గు తెర ఎక్కుతది. అది నీకు వినపడకూడదని పెట్టేస్తాడు. ఫోన్ పెట్టినాక అర్ధగంట దగ్గుతాడు, దగ్గి "బిడ్డ బాగుందంట" అని చెప్తాడు. జనవరిలో డాక్టరు ఫోటో తీసి ఊపిరితిత్తులు రాయి మాదిరి అయిపోయినాయి అన్నాడు. నీకు చెప్తే ఉద్యోగం వదిలేసి వస్తావని నా చెయ్యి పట్టుకొని మాట తీసుకున్నాడు. సంబంధం కోపం అని నేను రాసింది అబద్ధం. నిన్న రాత్రి మార్కాపురం ఆసుపత్రిలో చేర్చినాం, ముక్కుకు గొట్టం పెట్టినారు.

ఇంకోటి ఉంది.

విక్టర్ చేతులు నిదానం. ఒక దిమ్మె నుంచి అందరూ పన్నెండు పలకలు తీస్తే వాడు ఏడు తీసేవాడు, రెండు విరగ్గొట్టేవాడు. ఓనరు వాడిని తీసెయ్యమన్నాడు. నా దగ్గర రెండు పనులు ఖాళీ ఉన్నాయి. ఒకటి కడిగే తొట్టి. నీళ్ళలో పని, చల్లగా ఉంటది, దుమ్ము ఉండదు. రెండోది కొత్తగా వచ్చిన కోత మిషను. ఎండు రాయిని కోస్తా ఉంటే మనిషికి మనిషి కనపడడు. నేను మేస్త్రీని. మేస్త్రీ తమ్ముడు ఆడోళ్ళ మధ్య కూర్చొని పలకలు కడుగుతున్నాడంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాల? కోత మిషను కాడ పెట్టినా. పెద్ద మిషను, మగోడి పని అని చెప్పి పెట్టినా. ఇరవై రెండేండ్లు నిలబడినాడు. మా తొట్టి కాడ పని చేసిన గురవమ్మ నాకంటే పెద్దది, ఇప్పటికీ గడ్డిమోపు ఎత్తుతది.

అది నువ్వు ఇంటర్వ్యూలో చెప్పుకున్నావు.

నీ కంప్యూటర్‌లో పెద్ద పని చేయిస్తే మందు తొందరగా వస్తదనుకున్నా, వాడికి అందుతదనుకున్నా. కార్డు కాలిపోయింది, నిజమే. గోనె నుంచి నీళ్ళు లోపలికి కారినాయంట. నీ ఉద్యోగానికి ఏమన్నా అయితే మీ మేడం అడ్రసు ఇయ్యి, తప్పు నాదని నేనే రాస్తా. అక్షరాలు బాగుండవు. అయినా రాస్తా.

రా తల్లీ.

నిత్యానందం


హైదరాబాదు
18-5-2024

పెదనాయనా, వందనాలు.

ఆసుపత్రిలో పదకొండు రోజులు నా పక్కనే బెంచీ మీద కూర్చున్నావు. ఒక్క మాట మాట్లాడలేదు. నీకు వినపడదు కదా అని నేనూ ఊరుకున్నా. నిన్న తిరిగొచ్చి తలుపు తీస్తే నీ ఉత్తరం కింద పడి ఉంది. అప్పుడు తెలిసింది ఎందుకు మాట్లాడలేదో.

ఏం రాయాలో రెండు పూటలా ఆలోచించినా. నిన్ను క్షమించేదానికి నేను ఎవరిని? ఆ దుమ్ము నా ఊపిరిలోకి పోలేదు. చెప్పాల్సింది నాకు కాదు. నాయనకు చెప్పినావా?

జూన్ రాకముందే తేల్చేసినారు, ఉద్యోగం పర్మినెంటు కాలేదు. ఇంకో ఏడాది పొడిగించినారు. నువ్వు మేడంకు ఏం రాయొద్దు. ఇప్పుడు పద్ధతి మార్చినాం, ఎవరూ గడి నొక్కి పని తెచ్చుకోలేరు. గడువు దాటిన కంప్యూటర్‌ను తీసెయ్యం, అది చెయ్యగలిగిందే దానికి పంపిస్తాం. అది నేను అడిగి పెట్టించినా.

ఇంటికి తెచ్చిన ఆక్సిజన్ మిషనుకు కరెంటు పోతే ఏం చెయ్యాలో అమ్మకు రెండుసార్లు చూపించినా. నువ్వు కూడా నేర్చుకో.

మణి


తర్లుపాడు
4-6-2024

మణీ,

చెప్పినా.

నువ్వు అడిగినావని కాదు. నాలుగు రోజులు వాడి మంచం చుట్టూ తిరిగినా, నోరు రాలా. మగ్దలీనమ్మ నీళ్ళకు పోయినప్పుడు కూర్చొని మొత్తం చెప్పినా, నీకు రాసినట్టే. గొట్టం పెట్టుకొని వింటా ఉన్నాడు. నాకు వినపడదని నా చెవి కాడికి వంగబోయినాడు. లేవలేకపోయినాడు. నేనే వంగినా. ఒక్కో మాటకు ఒక ఊపిరి తీసుకొని చెప్పినాడు. "తొట్టి కాడ... చల్లగా ఉండేది అన్నా... అడుగుదామనుకున్నా... నీకు నామర్దా అని... అడగలా."

అంతే. ఆ తర్వాత నా చేతి మీద చెయ్యి వేసి నిద్రపోయినాడు. చెయ్యి తీసుకుంటే లేస్తాడేమో అని నేను చీకటి పడేదాకా అట్లే కూర్చున్నా. మీ అమ్మ వచ్చి దీపం వేసింది.

రమేష్ నిన్న వచ్చినాడు. వాడి మొదటి కంప్యూటర్‌లోది ఒక పాత కార్డు తెచ్చి బిగించినాడు. "మామా, ఇది కాలిపోయిన దానికంటే నిదానం, తిట్టొద్దు" అన్నాడు. తిట్టలా. టీ పోయించినా. బడులు తెరిచేదాకా కంప్యూటర్ మీ ఇంట్లో పెట్టుకోమని చర్చి అయ్యగారు ఒప్పుకున్నాడు. మీ నాయన మంచానికి ఎదురుగా బల్ల మీద పెట్టినాం. గోనెపట్టా వెయ్యలేదులే, భయపడొద్దు. ఫ్యాన్ తిప్పినా.

పొద్దున్న ఒక పని వచ్చింది. చిన్నదే. గీత మెల్లగా నిండతా ఉంటే వాడు కండ్లు తిప్పకుండా చూసినాడు. సాయంత్రం నూరు పడగానే దుప్పటి మీద నుంచి వేలు ఎత్తి నాకు చూపించినాడు, నాకు వినపడదు గాని కనపడతది కదా. ఆ జవాబు నీకు అందిందా? రెండో ఇంటోళ్ళ జవాబుతో కలిసిందా? కలిస్తే రాయి, వాడికి చదివి వినిపిస్తా.

ఆ కార్డు వేగం ఎంతో నాకు తెలియదు, నువ్వే చూసుకో. నేను అడిగేది ఒకటే. ఎక్కువ రోజులు పట్టేది పంపొద్దు. చిన్న పనే పంపు. పొద్దున మొదలైతే పొద్దుగూకే లోపల అయిపోయేది పంపు. మొదలైంది అయిపోవడం వాడు చూడాల.

నిత్యానందం